మండలేదు, మాడింది

2019 మే పద్నాలుగు, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. నందిగామలో ఎండ నలభై నాలుగు డిగ్రీలు. ఆకు కదలడం లేదు. కాలేజీ ప్రయోగశాలలో ఫ్యాను కట్టేసి, కెమిస్ట్రీ లెక్చరర్ ప్రేమకుమారి పదహారో పలకను నిలువుగా స్టాండుకు బిగించి, కింద చిటికెడు పత్తి పరిచింది.

మొక్కజొన్న పిండి నుంచి పుట్టిన ప్లాస్టిక్ అది. వత్సవాయి చేలల్లో ఏటా తగలబెట్టే పత్తికట్టె సారమూ, తవుడులోంచి తీసిన ఆమ్లమూ మంటను ఆపుతాయని అందులో కలిపింది. మంట పెట్టగానే పలక కరిగింది. మండుతున్న చుక్క రాలి పత్తి భగ్గుమంది.

మూడేళ్ల కిందట జగ్గయ్యపేట జిన్నింగు మిల్లులో జరిగిందీ ఇదే. స్విచ్చుబోర్డు పెట్టె కరిగి చుక్కలు రాలాయి. కింద పత్తి ఉంది. పత్తి మధ్య ఆమె అన్న డేవిడ్‌రాజు ఉన్నాడు. కాలిన అతని వేళ్లు ఇప్పటికీ ముడుచుకునే ఉన్నాయి.

ఆ మిల్లు యజమాని భవానీప్రసాద్ ఐదింటికి వస్తానన్నాడు. ఈ పూట మండని పలక చూపించలేకపోతే కొత్త గోడౌనుకూ ఆ పాత రకం పెట్టెలే బిగిస్తాడు.

ఆమె రికార్డు పుస్తకం మళ్లీ మొదటి నుంచి తీసింది. తాను పరీక్ష పేపర్ల వాల్యుయేషన్‌కు వెళ్లిన వారం, ల్యాబ్ అటెండరు జ్ఞానయ్య పలకలు కాల్చి ఫలితాలు రాశాడు. మండింది, మండింది, మాడింది, మండింది. అన్నింటికీ తానే ఎర్రగీత కొట్టింది.

"జ్ఞానయ్యగారూ, పదకొండో దానికి మాడింది అని రాశారేం?"

"మాడింది కాబట్టి రాశానండి. అన్నం అడుగంటినట్టు మాడింది. మండితే మండిందనే రాసేవాణ్ణిగా!"

"చుక్క రాలిందా?"

"మాడుచెక్క రాలుద్దా మేడమ్? గరిటెతో గీకినా రాదు."

ప్రేమకుమారి కళ్లజోడు తీసింది. పైన మాడు కడితే లోపలికి గాలి అందదు. గాలి అందకపోతే మంట నిలవదు. మండింది, మాడింది అన్న రెండు మాటలనూ ఇంగ్లీషు 'బర్న్ట్' అన్న ఒక్క మాటగానే చదువుకుని, తవుడు ఆమ్లం రెట్టింపు వేసిన ఆ ఒక్క పలకనూ తానే పారేసింది.

"అచ్చు వేడి చెయ్యండి. పదకొండో పాళ్లతోనే మూడు పలకలు."

ఐదింటికి భవానీప్రసాద్ నవ్వుతూ వచ్చాడు. "తవుడు ప్లాస్టిక్ అంటగా అమ్మా! గేదెలు తినకుండా చూసుకో."

"మంట మీరే పెట్టండి, ప్రసాద్‌గారూ. కింద పరిచింది మీ మిల్లు పత్తే."

పలక నల్లబడింది, మాడు కట్టింది, మంట దానంతటదే ఆరింది. పత్తి తెల్లగానే ఉంది. అతను రెండోది కాల్చాడు, మూడోదీ కాల్చాడు.

"దీంతో చేసిన పెట్టెలు బిగించే రోజు డేవిడ్‌రాజును కూడా తీసుకురామ్మా," అన్నాడు చివరికి.

ఐదేళ్ల తర్వాత ఆ గోడౌనులో వైరు కాలి ఒక పెట్టె మాడింది. పత్తి అంటుకోలేదు.