హెర్మిప్పు కలిపిన మాట

లవొదికయ పట్నంలో అమ్మియ ఇంట్లో ప్రార్థనకు కూడుకునే నలభై మంది క్రైస్తవుల్లో అక్షరం ముక్క వచ్చినవాడు హెర్మిప్పు ఒక్కడే. ఇరవై ఏళ్లుగా లేఖనాలు చదివినా, దూరపు సంఘాల ఉత్తరాలు చదివినా ఆ గొంతే. కాబట్టి సంఘపెద్ద ఆర్తెమోను చనిపోగానే ఆ స్థానం ఇక తనదేనని అతను అనుకోవడంలో వింతేమీ లేదు. అనుకుని ఊరుకోలేదు కూడా. కొత్త పైవస్త్రం ఒకటి నేయించుకున్నాడు.

హియెరాపొలి నుంచి వచ్చిన ముసలి గురువు ఎపాగాథు మాత్రం జోతికు తల మీద చేతులుంచి, అతన్నే పెద్దగా నియమించి వెళ్లాడు. జోతికుకు ఇరవై ఆరేళ్లు. పాత మూత్రం నింపిన తొట్లలో దిగి మురికి వదిలేలా రోజంతా ఉన్ని తొక్కడం అతని పని. ఎంత కడుక్కున్నా ఆ వాసన పోదు. ఆ చేతులతో అతను ఆరాధనలో రొట్టె విరిచి పంచుతుంటే హెర్మిప్పు మొహం తిప్పుకునేవాడు. నిజం చెప్పాలంటే తిప్పుకున్నది వాసనకు కాదు. ఆ రొట్టె తన చేతుల్లో ఉండాల్సింది, అదీ బాధ.

నెల తిరక్కుండా గురువుగారి ఉత్తరం వచ్చింది, కొత్త పెద్దకు బుద్ధులు చెబుతూ. వారం మొదటి రోజు పొద్దున్నే, పనుల్లోకి పోకముందే అందరూ చేరారు. చదవాల్సింది ఎవరు? ఇంకెవరు, హెర్మిప్పే.

"నా బిడ్డా, జోతికూ" అని మొదలైంది. అక్కడే ఒళ్లు మండింది. తనను ఆ ముసలాయన ఏనాడూ బిడ్డా అనలేదు. అయినా చదివాడు. "నీ వయసు చూసి నవ్వేవాళ్లను నవ్వనీ. నువ్వు చెయ్యని ఉపవాసం ఇంకొకరికి చెప్పకు. జబ్బుపడ్డవాడి ఇంటికి ఉత్తచేతులతో పోయినా ఫరవాలేదు, ప్రసంగం మాత్రం పట్టుకుపోకు. ఇద్దరి మాటా వినందే తీర్పు చెప్పకు." ఆ తర్వాత అందరికీ పేరుపేరునా వందనాలు. అమ్మియకు, రంగులద్దే ఫిలినుకు, చివరికి గాడిదలు తోలే బానిసకు కూడా. హెర్మిప్పు పేరు లేదు. ఉత్తరం అయిపోయింది, పేరు లేదు.

అందరూ ఇంకా తనవైపే చూస్తున్నారు. అతను తల ఎత్తకుండా మరో వాక్యం చదివాడు. "ఏ పని తలపెట్టినా హెర్మిప్పును అడగకుండా చెయ్యకు."

అది ఉత్తరంలో లేదు. చదివి ఉత్తరం చుట్టి పెట్టేశాడు.

మర్నాడే జోతికు హెర్మిప్పు ఇంటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "అన్నా, అమ్మియమ్మ కోడలికీ ఫిలిను భార్యకూ మాటల్లేవు. ఇద్దర్నీ ఒకచోటికి పిలవమంటారా, విడివిడిగా పోయి కలవమంటారా?"

"విడివిడిగానే పో. కలిపి కూర్చోబెట్టావంటే జుట్లు పట్టుకుంటారు. మధ్యలో నీ జుట్టు కూడా మిగలదు."

జోతికు నవ్వి, చెప్పినట్టే చేశాడు. ఆ ఇద్దరాడవాళ్లూ కలిసిపోయారు. అప్పట్నుంచి రోజూ వచ్చేవాడు. కొన్నాళ్లు హెర్మిప్పుకు ఆ రాక మహా కమ్మగా ఉంది. ఆ కమ్మదనాన్ని అమ్మియ ఒక్క మాటతో చెడగొట్టింది.

"ఎంత అణకువయ్యా ఆ అబ్బాయికి," అందామె. "పెద్ద అయ్యుండి కూడా నిన్నడిగి చేస్తాడు. ఆర్తెమోను ఒక్కనాడైనా అడిగాడా? నువ్వే ఆ చోట ఉంటే అడిగేవాడివా?"

సంఘమంతా అదే మాట. సలహా హెర్మిప్పుది, పేరు జోతికుది. తను తగిలించిన సంకెల వాడి మెడలో నగ అయి కూర్చుంది. హెర్మిప్పు కుళ్లి కుళ్లి చచ్చాడు. నిద్ర తగ్గింది, తిండి తగ్గింది, ఆ గుమ్మంలో అడుగుల చప్పుడు వింటే చాలు మొహం మాడిపోయేది.

ద్రాక్షకోతలయ్యాక హియెరాపొలికి పోయే మనిషి దొరికాడు. జవాబు రాయించడానికి జోతికు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"రాయండన్నా. అయ్యా, మీరు చెప్పినవి చేస్తున్నాను, కొన్ని చేతకావడం లేదు. అన్నిట్లోకీ నాకు పనికొచ్చింది హెర్మిప్పన్నను అడగమన్న మాట."

కలం ఆగింది. ఆ ముక్క ముసలాయన చెవిన పడితే ఇరవై ఏళ్ల పరువు మట్టిలో కలుస్తుంది, చదివే పని కూడా పోతుంది. రాయకుండానే రాశానంటే సరిపోతుంది. వీడికేం తెలుస్తుంది?

"ఆ మాట ఎందుకులే. ఆయనకు తెలిసిందేగా," అన్నాడు.

"అదే ముఖ్యమన్నా. నేనంటే మీకు గిట్టదని నాకు తెలుసు. రొట్టె ఇస్తుంటే నా చేతుల వంకైనా చూడరు. ఆయన ఆ మాట చెప్పకపోతే మీ గుమ్మం తొక్కే ధైర్యం నాకుండేది కాదు."

హెర్మిప్పు కలం కింద పెట్టాడు.

"ఆయన చెప్పలేదురా. ఆ వాక్యం నాది. అందరి పేర్లూ ఉండి నా పేరు లేకపోయేసరికి కడుపు మండి, కలిపి చదివాను. అందరిలో చెప్పుకుంటావో, ఆయనకే చెప్పి పంపిస్తావో, నీ ఇష్టం."

జోతికు మొహం ఎర్రబడింది. లేచి గుమ్మం దాకా వెళ్లాడు. అక్కడ వెనక్కి తిరిగాడు.

"అయితే రేపట్నుంచి రావద్దంటారా?"

తిట్టి ఉంటే హెర్మిప్పు ఓర్చుకునేవాడు. ఈ మాట ఓర్చుకోలేకపోయాడు. తనే ఆ గుమ్మంలో ఉంటే ఇలా అడిగేవాడా? చచ్చినా అడిగేవాడు కాదు. ముసలాయన తెలిసే వీడి తల మీద చేతులుంచాడని అప్పుడు అర్థమైంది. అర్థమైనా కడుపుమంట చల్లారలేదు, ఇంకాస్త ఎక్కువైంది.

"రా," అన్నాడు, అతని మొహం చూడకుండా.