అమ్మగారి వైపు ఒరిగిన రిక్షా

ప్రతి గురువారం పొద్దున తొమ్మిదింటికి ఆదిబాబు రిక్షా టాటానగర్ సీతారాండేరాలోని ఆ రెండు గదుల ఇంటి ముందు ఆగుతుంది. రిటైరైన పాస్టరు కృపారావు ముందుగా ఎక్కుతాడు, ఎడమవైపు. ఆయన ఎక్కడమంటే మాటలు కాదు. ఆదిబాబు హేండిలు మీద తన బరువంతా వేసి నిలబడాలి, పక్కింటివాళ్లెవరైనా వెనకనుంచి ఓ చెయ్యి వెయ్యాలి. తర్వాత ఆయన భార్య సవరమ్మ సంచీతో కుడివైపు కూర్చుంటుంది. ఆమె కాళ్ల దగ్గర ఆదిబాబు నాలుగు రైలుపట్టా ముక్కలు పేరుస్తాడు. దాంతో రిక్షా సమంగా నిలుస్తుంది. అప్పుడు సాక్చి బజారుకి బయల్దేరతారు.

చూడ్డానికి కృపారావు ఎండుకట్టెలా ఉంటాడు. కానీ టాటానగర్ స్టేషన్లో తూకం మిషన్ ఆయనకిచ్చిన టికెట్టు మీద నూటనలభై ఆరు కిలోలని పడింది. తెలుగు ప్రెస్బిటేరియన్ సంఘానికి ముప్ఫయ్యొక్క ఏళ్లు కాపరిగా చేసిన మనిషికి ఆ మాత్రం బరువుండదా అని అంతా సరిపెట్టుకున్నారు. శ్రీకాకుళం వైపు నుంచి ఉక్కు పనికొచ్చినవాళ్లు, చర్చికి వచ్చేవాళ్లయినా రానివాళ్లయినా, కష్టమొస్తే ఆయన దగ్గరికే వచ్చేవారు. తాగొచ్చి కొట్టే మొగుడి గురించి ఒకామె చెప్పేది. ఫర్నేసు దగ్గర చెయ్యి కాలిన ఆయన, ఊళ్లో తల్లి పోతే కడచూపుకి అందని ఆయన, వాళ్లూ వచ్చేవారు. చెప్పుకున్నవాళ్లు తేలిగ్గా వెళ్లిపోయేవారు. చెప్పింది మాత్రం ఆయన ఒంట్లో ఉండిపోయేది. పెళ్లినాటి నులకమంచం ఎప్పుడో విరిగిపోయింది. ఇప్పుడు పడుకునేది వెల్డరు పౌల్‌రాజు ఇనప యాంగిళ్లతో చేసిచ్చిన మంచం మీద. దాని కోళ్లు సిమెంటు నేలలోకి వేలెడు లోతు దిగాయి.

ఇంత మోస్తూ కూడా ఆయన ఇంటి పనికి ఏనాడూ వెనకాడలేదు. కూతురు విమలకుమారికి పెళ్లయి గోవింద్‌పూర్ వెళ్లేదాకా రోజూ జడేసింది ఆయనే. సవరమ్మకి పొద్దుటి టీ పెట్టేదీ ఆయనే.

రిటైరైన ఏడాదే మోకాళ్లు రెండూ పోయాయి. డాక్టరు చీటీ మీద మందుల కింద ఇంకో ముక్క రాశాడు, ఇకమీదట ఎవరి కష్టమూ వినరాదని. పెద్దది ఇంకొక్కటి పడితే లేచి నడవలేడని సవరమ్మకి విడిగా చెప్పాడు.

ఆ రోజునుంచి ఆమె గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది.

"కొత్త అయ్యగారొచ్చారు కదమ్మా, ఆయనకి సెప్పుకోండి. మాయన సాలా మోసేరు. ఇంక వొగ్గీండి," అని వచ్చినవాళ్లని వచ్చినట్టే పంపేసేది. కొందరు తిట్టుకుంటూ పోయారు. ఆమె పట్టించుకోలేదు.

ఈస్టరు వెళ్లిన కొన్నాళ్లకి ఆదిబాబు ఒక పట్టా ముక్క తీసేశాడు. వానలు పడేసరికి రెండోది కూడా అక్కర్లేకపోయింది. దసరాకి మూడోది. అయ్యగారు తేలికపడుతున్నారని వీధిలో అందరూ సంతోషించారు. కృపారావు కూడా అదే అనుకున్నాడు. ఏడాదికి పైగా ఎవరి గోడూ వినలేదు, తగ్గడం న్యాయమే. మోకాళ్లు మాత్రం ఎప్పట్లాగే నొప్పెట్టాయి.

నవంబరులో ఒక గురువారం ఆదిబాబు నాలుగో ముక్క కూడా తీసి అరుగు మీద పెట్టాడు. అయినా కుదరక రిక్షా చుట్టూ తిరిగి చక్రాలు నొక్కి చూశాడు.

"ఏటయింది?" అన్నాడు కృపారావు.

"టైర్లు బాగానే వున్నాయి అయ్యగారూ. ముక్క వొక్కటీ నేదు. బండి అమ్మగారి వేపు వొరిగిపోతంది."

"సీటు పాతదయిపోయింది. పద," అంది సవరమ్మ. మరీ తొందరగా అంది.

సాక్చి దాకా రిక్షా కుడిపక్కకే లాగింది. కృపారావుకి సిగ్గేసింది. ఊళ్లోవాళ్ల మొహం చూసి కష్టం పట్టేసిన మనిషి, పక్కన పడుకున్న మనిషి ఇన్ని నెలలుగా బరువెక్కుతుంటే తను తేలికవుతున్నానని మురిసిపోయాడు.

బజారు ముందు వేపచెట్టు కింద రిక్షా ఆపించి, ఆదిబాబుని చాయ్ తాగి రమ్మన్నాడు.

"చెప్పు సవరా."

"ఏటీ నేదు."

"నాలుగు పట్టా ముక్కల బరువు ఏటీ లేకుండా వొచ్చిందా?"

సవరమ్మ సంచీ కాడలు వేలికి చుట్టుకుంది. "డాగ్దరు బాబు నాతో ఏటన్నాడో మీకు తెల్దు."

"తెలుసు. అడిగి తెలుసుకున్నాను."

"మీరు పడిపోతే నానేటి సెయ్యాల?"

"నువ్వు పోతే నేనేటి చెయ్యాలి?"

ఆమె మెల్లిగా చెప్పింది. ఎడమ రొమ్ములో గడ్డ. ఈస్టరు ముందు శనగ్గింజంత ఉండేది, ఇప్పుడు నిమ్మకాయంత అయింది. కొత్త అయ్యగారు కొడుకు వయసువాడు, అలాంటిది ఎలా చెప్పడం? విమలకి మొన్ననే పురుడొచ్చింది. "మీకు సెప్పకూడదు. ఇంకెవులికి సెప్పాల?"

కృపారావు ఎప్పట్లాగే అడ్డురాకుండా విన్నాడు. అయ్యాక ఆమె తలమీద చెయ్యి పెట్టాడు. రిక్షా నెమ్మదిగా ఎడమవైపుకి ఒరిగింది. చక్రం ఊచలు రెండు పటుక్కుమన్నాయి. ఆదిబాబు గ్లాసు పడేసి పరిగెత్తుకొచ్చి ఆయన్ని దింపేసరికి కాళ్లు నిలవలేదు. చెట్టు మొదట్లో కూలబడ్డాడు.

"అమ్మగార్ని సీదా ఆసుపత్రికి తీసుకుపో."

"మరి మీరో?" అన్నాడు ఆదిబాబు.

"నేనెక్కడికి పోతాను?"

సవరమ్మ ఒక్కతే కూర్చుంటే ఆ ఊచలు విరిగిన చక్రంతోనే రిక్షా సులువుగా కదిలింది. ఆమె వెనక్కి తిరిగి చూస్తూనే వెళ్లింది. ఆయన్ని పౌల్‌రాజు, మరో ఆరుగురు కలిసి సాయంత్రానికి తోపుడుబండి మీద ఇంటికి చేర్చారు.

ఇంకో రెండు నెలలు ఆగి ఉంటే చేసేదేమీ ఉండేది కాదని డాక్టరమ్మ విమలకుమారితో చెప్పింది. ఆపరేషనయి, క్రిస్మస్‌కి సవరమ్మ గుమ్మం పట్టుకోకుండా మెట్టెక్కి ఇంట్లోకి వచ్చింది. కృపారావు మాత్రం ఇనప మంచం మీంచి లేవలేకపోయాడు.

జనవరిలో ఒక పొద్దున ఆమె టీ పెట్టి తెచ్చి మంచం అంచున కూర్చుంది.

"అందరిదీ విన్నారు. మీది ఎవులికి సెప్పుకున్నారు?"

"దేవుడికి."

"నాకూ సెప్పండి."

"నీకింకా కుట్లు ఆరలేదు."

"వొక్కటే. సిన్నదే సెప్పండి."

కృపారావు కప్పులో మిగిలిన టీ తాగేశాడు.

"అలిసిపోయాను సవరా," అన్నాడు. "మొదటి ఏడాదే అలిసిపోయాను."

మంచం కిర్రుమంది. కోళ్ల చుట్టూ నేల మీది సిమెంటు పొడి కదిలింది. సవరమ్మ భుజాలు ఒక్కసారి కిందికి జారాయి. మంచం పట్టె పట్టుకుని, ఊపిరి తీసుకుని, మెల్లిగా లేచి నిలబడింది. రెండడుగులు వేసి చూసుకుంది.

"మొయ్యొచ్చు," అంది. "రేపు ఇంకోటి సెప్పండి."

ఖాళీ కప్పు కోసం చెయ్యి చాపింది.