నాగబాబు తాగలేదు

విజయనగరం ఊరి చివర, బైపాస్ రోడ్డు పక్కన విశ్వనాథ్ చిన్న బీరు తయారీ కేంద్రం పెట్టి మూడేళ్లయింది. అంతకుముందు ఇరవై ఏళ్లు ఒక పెద్ద ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేశాడు. ఇక్కడ ఉన్నవి మూడు స్టీలు ట్యాంకులు, ఒక రేకుల షెడ్డు, పది బల్లలు. కొండ ఊళ్ల నుంచి తెప్పించిన చోళ్లతో, అంటే రాగులతో, చేసే బీరుకి పేరొచ్చింది. మొదట్లో బోర్డు పీకేస్తామని గొడవ చేసిన వీధివాళ్లే తరవాత ఆదివారం సాయంత్రాలు వచ్చి కూర్చునేవారు. బీరు తీయగా మిగిలిన పిప్పి పక్కింటి అసిరమ్మ గేదెలకి వెళ్లేది. ఆ గేదెల పాలే విశ్వనాథ్ ఇంట్లో కాఫీకి వచ్చేవి.

బీరు తయారీ అంతా నాగబాబు చేతిమీదే నడిచేది. శ్రీకూర్మానికి అవతల, సముద్రం ఒడ్డున ఉన్న ఊరు అతనిది. ముప్పై ఇంకా నిండలేదు. పడవ రెండుసార్లు తిరగబడ్డాక తల్లి కూర్మమ్మే వేట మానిపించి ఇటు పంపింది. చోళ్లు మొలకెత్తించడం, ఆరబెట్టడం, ఉడికించడం ఏడాదిలో నేర్చేసుకున్నాడు. రుచి చూడవలసి వస్తే గుక్కెడు నోట్లో పోసుకుని పుక్కిలించి ఊసేసేవాడు. మింగగా ఎవరూ చూడలేదు.

మే నెలలో ఒక శనివారం. ఖాళీ అయిన ట్యాంకు కడిగి, మధ్యాహ్నానికల్లా కొత్త బీరుకి సిద్ధం చేయాలి. బీరు పులిసిన ట్యాంకులో అడుగున విషవాయువు నిలిచిపోతుంది. గంటసేపు ఫ్యాను పెట్టి గాలి కొట్టాకే లోపలికి దిగాలి. ఆ ఫ్యాను మోటారు కాలిపోయి రెండు రోజులైంది.

"ఫ్యాను లేదు కద సార్, సోమవారం కడుగుదామేటి?" అన్నాడు నాగబాబు.

"రేపు జనం వస్తారయ్యా. ఈ ఒక్కసారికీ ఎలాగోలా కానిచ్చెయ్" అన్నాడు విశ్వనాథ్.

నాగబాబు నవ్వాడు. "పడవ కిందికెల్లి వల ఇడిపించీవోన్ని సార్. ఒక్క ఊపిరిలో వచ్చేస్తాను."

బ్రష్షు పట్టుకుని దిగాడు. లోపల బ్రష్షు చప్పుడు కాసేపు వినిపించింది. తరవాత వినిపించలేదు. విశ్వనాథ్ పిలిచాడు. పలకలేదు. అతని కేకలు విని, పిప్పి కోసం వచ్చిన అసిరమ్మ పరిగెత్తుకొచ్చింది. ఇద్దరూ కలిసి తాడు వేసి, కొక్కెం వేసి, అతణ్ణి పైకి లాగేసరికి చాలా ఆలస్యమైపోయింది. ఆసుపత్రిలో డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి వదిలేశాడు.

ఆ సాయంత్రం పోలీసులు అడిగితే, "నాకు చెప్పకుండా దిగాడండీ" అన్నాడు విశ్వనాథ్. అలా ఎందుకన్నాడో అప్పుడు అతనికే తెలియలేదు. నోట్లోంచి వచ్చేసింది. వాళ్లు రాసుకున్నారు, అతను సంతకం పెట్టాడు.

కర్మకాండలు పూర్తయ్యాక కూర్మమ్మని చూడ్డానికి వెళ్లాడు. వాకిట్లో పెద్దకొడుకు కొండబాబు వల బాగుచేస్తున్నాడు. విశ్వనాథ్‌ని చూసి లేవలేదు.

"ఎందుకొచ్చినావు?"

"అమ్మని చూసి వెళ్లిపోతానయ్యా."

"రానీరా" అంది కూర్మమ్మ లోపల్నించి.

ఆమె చాపమీద కూర్చుని ఉంది. ఎదురుగా మడతపెట్టిన నాలుగు చొక్కాలు. ఆమె ఏడవడం లేదు. విశ్వనాథ్ నేలమీద కూర్చున్నాడు.

"ఒక్క మాట సెప్పు బావూ. ఊరంతా అనుకుంటన్నారు. ఆడు తాగీసి తూలి పడిపోయినాడంట. మావోల్లూ అదే అంటన్నారు. నిజవేనా?"

చెప్పకుండా దిగాడని విశ్వనాథ్ చెప్పిన మాట, ఆ నోటా ఈ నోటా తిరిగి, తాగి దిగాడని ఇక్కడికి చేరింది.

"లేదమ్మా. నాగబాబు చుక్క ముట్టేవాడు కాదు."

"మరి ఆ వాసనేటి? ఇంటికొచ్చినప్పుడల్లా ఒల్లంతా పులిసిన కంపు. తాగినావురా అని తిట్టీదాన్ని. తానం సేసొచ్చినాకే కూడెట్టీదాన్ని. తాగనేదమ్మా, ఆ పనే అంత అనీవోడు. నాను నమ్మనేదు బావూ. ఆకరిసారొచ్చినప్పుడు కూడా నమ్మనేదు."

"నిజమే చెప్పాడమ్మా. అది పని వాసన."

ఆమె పై చొక్కా తీసి ఒళ్లో పెట్టుకుంది. అప్పుడు ఏడిచింది. అది చూశాక విశ్వనాథ్ ఇంక దాచలేకపోయాడు.

"ఇంకోటి ఉందమ్మా. దిగమన్నది నేనే. ఫ్యాను లేదు, సోమవారం కడుగుదామన్నాడు. నేనే వినలేదు. పోలీసులకి అబద్ధం చెప్పాను."

గుమ్మంలోకి వచ్చి నిలబడిన కొండబాబు ముందుకు దూకి అతని చొక్కా పట్టుకున్నాడు. "ఎదవా! మా తమ్ముణ్ణి సంపీసి పైగా తాగుబోతోన్ని సేస్తావేట్రా?"

"ఒగ్గీరా" అంది కూర్మమ్మ. కొండబాబు వదల్లేదు. "ఒగ్గీమన్నానా!" అని ఆమె అరిచాక వదిలాడు.

కూర్మమ్మ ఒళ్లో ఉన్న చొక్కా మళ్లీ మడతపెట్టింది. తరవాత అడిగింది.

"ఆడు కేకేసినాడేటి?"

"లేదమ్మా."

"నన్ను పిల్సినాడేటి?"

విశ్వనాథ్ తల అడ్డంగా ఊపాడు.

"సముద్రంలో పోతాడని బయపడి నీ కాడికి అంపినాను" అంది ఆమె. కొంచెం ఆగి, "నాకు సెప్పినావు సరే. మరి ఊరికెవులు సెప్తారు? ఎల్లు బావూ. అక్కడ సెప్పు. మల్లీ ఇక్కడికి రాకు. నీ కాణ్ణించీ అదే వాసనొస్తన్నాది. ఆడొచ్చినాడనుకుంటన్నాను" అంది.

విశ్వనాథ్ బస్సు దిగి ఇంటికి వెళ్లలేదు. తిన్నగా పోలీస్ స్టేషన్‌కి నడిచాడు. ముందు చెప్పింది తప్పని, ఫ్యాను పాడైందని తెలిసీ తనే దింపానని రాసిచ్చాడు. మర్నాడు ఆ సంగతి పేపర్లో చిన్నగా వచ్చింది. షెడ్డుకి సీలు వేసి, అతణ్ణి అరెస్టు చేశారు. వీధివాళ్లు కొందరు బెయిలుకి హామీ ఉంటామని వచ్చారు. కొందరు ముఖం తిప్పుకున్నారు. అసిరమ్మ పాలు పోయడం మానలేదు గాని, అతనితో మాట్లాడటం మానేసింది.

కేసు ఇంకా నడుస్తోంది. కొండబాబు వేట మానుకుని ప్రతి వాయిదాకీ వస్తాడు. కోర్టు వరండాలో ఉన్నది ఒకటే బల్ల. ఇద్దరూ దాని రెండు చివర్లా కూర్చుంటారు. పిలుపు వచ్చేదాకా ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. కూర్మమ్మ మాత్రం ఒక్క వాయిదాకీ రాలేదు.