పైకెక్కి చూశావా?

కొత్త కంప్యూటర్ అట్టపెట్టెలోంచి బయటికి రాగానే ఆఫీసంతా దాని చుట్టూ మూగింది. టైపిస్టు మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. పాత కంప్యూటర్ ముందు కూర్చుని, రూళ్ల నోటుబుక్కులో తన మాక్రోల జాబితాని మరోసారి సరిచూసుకుంటోంది. అరవై మూడు మాక్రోలు, పంతొమ్మిది టెంప్లేట్లు. ఒక్కోదానికి ఒక నంబరు, పక్కనే అది ఏం చేస్తుందో ఒక ముక్క. ఇల్లు మారేటప్పుడు గిన్నెలు లెక్కపెట్టుకున్నట్టే పొద్దుట్నుంచి లెక్కపెట్టుకుంటోంది.

అది ఇళ్లు చూసి రిపోర్టులు రాసే ఆఫీసు. ఎవరైనా ఇల్లు కొనబోయే ముందు వీళ్లని పిలుస్తారు. ఇంజినీరు వెళ్లి గోడలు తట్టి, పైపులు తిప్పి, చెమ్మ చూసి, గొలుసుకట్టు రాతలో రెండు కాగితాలు గీకి తెస్తాడు. ఆ గీకుడుని పన్నెండు పేజీల రిపోర్టుగా చేసేది టైపిస్టు. ఇరవై రెండేళ్ల నుంచి అదే పని. రెండు మీటలు నొక్కితే చెమ్మ గురించి పేరా మొత్తం వచ్చి వాలుతుంది. ఇంకో రెండు నొక్కితే పగుళ్ల పట్టిక గడులతో సహా పరుచుకుంటుంది. అవన్నీ ఆవిడ ఎవరినీ అడక్కుండా, పుస్తకం ముందేసుకుని సొంతంగా నేర్చుకుని కట్టుకున్నవి.

నడుము నొప్పికి బెల్టు పెట్టుకున్న కంప్యూటర్ మెకానిక్కు గంటలో పని ముగించి చేతులు దులుపుకున్నాడు.

"అన్నీ ఎక్కించేశానమ్మా."

"అన్నీ అంటే?"

"డాక్యుమెంట్లన్నీ. ఒక్కటి కూడా వదల్లేదు."

ఆవిడ లేచి వెళ్లి కొత్త కీబోర్డు మీద రెండు మీటలు నొక్కింది. తెర మీద రెండు అక్షరాలు పడ్డాయి, అంతే. పేరా లేదు, పట్టిక లేదు.

"మాక్రోలు డాక్యుమెంట్లలో ఉండవు నాయనా. వాటి ఫోల్డరు దాక్కుని ఉంటుంది, కనపడమని చెబితేగానీ కనపడదు. అందులో నార్మల్ టెంప్లేటు ఒకటి, దాని పక్కన నేను చేసిన పంతొమ్మిది. పొట్టి అక్షరాలు కొడితే పెద్ద మాటలు వస్తాయే, వాటి ఫైలు ఇంకోచోట. ఇవన్నీ తెచ్చాక కూడా కొత్తది వీటిని నమ్మదు. నమ్మమని విడిగా చెప్పాలి. కుర్చీ లాక్కుని కూర్చో."

అతను తల గోక్కుని కూర్చున్నాడు.

అప్పుడే అల్లుడుగారు వచ్చారు. ఆఫీసు పెట్టిన పెద్దాయన మోకాళ్ల నొప్పులతో ఇంటికి పరిమితమయ్యాక, పగ్గాలు ఆయన అల్లుడి చేతికొచ్చాయి. రెండేళ్లయినా అందరికీ ఆయన అల్లుడుగారే. మంచి ఇంజినీరు, ఆ మాట ఎవరూ కాదనరు. తొందర ఎక్కువ, అంతే. ఆయన నోటుబుక్కు తీసుకుని, ఎర్ర పెన్నుతో ఒక్క వరుస అడ్డంగా కొట్టేశారు. నలభై ఒకటి.

ఆఫీసులో అందరికీ కంట్లో నలుసు ఆ నలభై ఒకటే. రిపోర్టు ప్రింటు తీయబోతే తెర మీద ఒక పెట్టె తెరుచుకుంటుంది. అందులో మూడు ప్రశ్నలు. పైకెక్కి చూశావా? ఎవరు? ఎప్పుడు? మూడు గడులూ నింపితేగానీ ప్రింటరు కదలదు. టైపిస్టు వాటిని తనంతట తాను నింపదు. కుర్చీ తిప్పి ఇంజినీరు మొహంలోకి చూసి అడుగుతుంది. ఎక్కనివాడు నీళ్లు నములుతాడు, ఆ తర్వాత నిచ్చెన పట్టుకుని మళ్లీ బయల్దేరతాడు. అందుకే ఆవిడని ఎదురుగా అక్కా అనీ, చాటున స్పీడ్ బ్రేకర్ అనీ పిలుస్తారు. ఆ పెట్టెకి చిన్నా పెద్దా తేడా లేదు. సాక్షాత్తూ పెద్దాయన్నే నువ్వు అంది. ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. అల్లుడుగారు నవ్వలేదు.

ఆ పెట్టె సరదాకి పుట్టింది కాదు. పదకొండేళ్ల కిందటిదాకా టెంప్లేటు తొమ్మిదో పేజీలో ఒక వాక్యం ముందే ఉండేది. 'పైకప్పు, పిట్టగోడ దృఢంగా ఉన్నాయి.' ఎక్కువ ఇళ్లకి అదే రాయాల్సి వస్తోంది కదా, తేడా ఉన్నప్పుడు మార్చుకోవచ్చు కదా అని ఆవిడే పెట్టింది. అందరూ మెచ్చుకున్నారు కూడా. ఒకసారి ఒక దర్జీ ఆవిడ ఇల్లు కొనుక్కుంది. ఆ ఇంటి పైకి ఎవరూ ఎక్కలేదు. ఎక్కలేదు కాబట్టి ఎవరూ ఏమీ మార్చలేదు, వాక్యం దానంతటదే రిపోర్టులోకి వెళ్లిపోయింది. మూడో నెలలో దర్జీ బట్టలారేస్తూ పిట్టగోడకి ఆనుకుంది. గోడతో పాటు కిందికొచ్చింది. నడుము విరిగింది. మళ్లీ కుట్టుమిషను తొక్కలేకపోయింది.

ఇంజినీరు ఆ వాక్యం నేను రాయలేదు అన్నాడు. అది నిజమే. రాసిన చెయ్యి టైపిస్టుది. టైపిస్టు ఆస్పత్రికి వెళ్లి ఆ మంచం పక్కన నిలబడింది. దర్జీ తిట్టలేదు. "మీరు కాగితంలో గట్టిగా ఉందని రాశారు కదమ్మా, అందుకే ఆనుకున్నాను" అంది. ఆ మాట పదకొండేళ్లుగా టైపిస్టు చెవిలోంచి పోలేదు. ఆ వారమే నలభై ఒకటి పుట్టింది.

"ఇది వదిలేసి మిగతావన్నీ మార్చేయండమ్మా. పైకప్పు వాక్యం మళ్లీ టెంప్లేట్లోనే పెట్టేయండి. తేడా ఉంటే ఇంజినీరే మారుస్తాడు" అన్నారు అల్లుడుగారు.

"మార్చడు బాబూ."

"ఎందుకు మార్చడు?"

"ఎక్కనివాడికి తేడా ఉందని ఎలా తెలుస్తుంది?"

"పొద్దున చూసిన ఇంటికి సాయంత్రానికల్లా రిపోర్టు ఇవ్వాలి. బయట అందరూ ఇస్తున్నారు. మనమే నిచ్చెన మోసుకుంటూ తిరుగుతున్నాం. అయినా ఆ నిచ్చెన మోసేది మీరు కాదుగా. కూర్చుని అడగడం తేలికే."

ఆ మాట సూటిగా తగిలింది. ఎందుకంటే అది నిజం. ఇరవై రెండేళ్లలో ఆవిడ ఒక్క ఇంటి పైకప్పు కూడా చూడలేదు. అల్లుడుగారు ఇంకో అడుగు ముందుకేశారు.

"మీకు కష్టంగా ఉంటే చెప్పండి. వేరే మనిషిని చూసుకుంటాను."

మధ్యాహ్నం భోజనాల వేళ ఆవిడ మెట్ల దగ్గరికెళ్లి భర్తకి ఫోను చేసింది. ఆయన బస్సు నడిపి రిటైరైన మనిషి.

"ఉద్యోగం ఊడేలా ఉంది" అంది.

"దేనికి?"

"నలభై ఒకటి తీసేయమంటున్నారు. నేను తీయను."

ఆయనకి నలభై ఒకటంటే ఏంటో తెలుసు. "ఊడితే ఊడింది. ఎలాగూ ఇంట్లో కూడా అడుగుతూనే ఉంటావుగా. గ్యాస్ కట్టేశావా, తాళం లాగి చూశావా అని. నీకు పెట్టె ఎందుకే, నువ్వే ఓ పెట్టెవి."

ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వుతోపాటు కాస్త ధైర్యం కూడా వచ్చింది.

మూడింటికల్లా అరవై రెండు మాక్రోలు కొత్త కంప్యూటర్లో కుదురుకున్నాయి. మెకానిక్కు నలభై ఒకటి వదిలేసి ప్రింటు నొక్కాడు. ప్రింటరు కదల్లేదు, తెర మీద ఏదో ఫిర్యాదు పడింది.

"ప్రింటు మాక్రో నలభై ఒకటిని పిలుస్తోందమ్మా. అది లేకపోతే ఆగిపోతోంది. ఇలా కట్టారేంటి?"

"నిలబడాలని కట్టాను. పిల్లరు తీసేసి ఇల్లు నిలబడమంటే నిలబడుతుందా?"

"ఆ ఒక్క లైనూ కోసేస్తే సరిపోతుంది. కోసేయమంటారా?"

"నా నోటితో అనను, నా చేత్తో చేయను."

అతను కోడ్ తెరిచాడు. ఆ లైను మీద ఆవిడ రాసి పెట్టుకున్న మాట కనిపించింది. 'ఇది ఎందుకుందో తెలుసుకోకుండా తీయవద్దు. ఒక మనిషి నడుము దీని కింద ఉంది.' అతను తన బెల్టు సర్దుకున్నాడు. మరోసారి చదివాడు. ఆ తర్వాత కోసేశాడు. అల్లుడుగారు చెప్పిన పైకప్పు వాక్యం కూడా టెంప్లేట్లో పెట్టేశాడు.

"ఏమీ అనుకోకండమ్మా. నాకు పని ఇచ్చింది ఆయన."

"అనుకుంటాను నాయనా. అనుకోకుండా ఎలా ఉంటాను?"

కొత్త కంప్యూటర్ మీద మొదటి రిపోర్టు వెనక వీధిలో ఇల్లు. కొనబోయేది ఒక నర్సు, ఐదింటికి వస్తానంది. చూసొచ్చింది చిన్న ఇంజినీరు. చిన్న అనేది పేరుకే, అతనికీ నలభై దాటాయి. ఆవిడ అతని కాగితాలు పక్కన పెట్టుకుని పేజీలు నింపుకుంటూ వచ్చింది. తొమ్మిదో పేజీకి వచ్చేసరికి చేతులు ఆగిపోయాయి. 'పైకప్పు, పిట్టగోడ దృఢంగా ఉన్నాయి.' ఎవరూ కొట్టకుండానే, ఎవరూ చూడకుండానే, పదకొండేళ్ల తర్వాత అదే చోట, అదే మాట. ఆవిడకి ఒళ్లు మండింది.

కుర్చీ తిప్పింది. "పైకెక్కి చూశావా?"

చిన్న ఇంజినీరు అల్లుడుగారి గది వైపు చూశాడు. "లేదక్కా. ఆ ఇంటికి పైకి మెట్లు లేవు. నిచ్చెన అక్కర్లేదన్నారు."

ఆవిడ వాక్యాన్ని చెరిపేసింది. అల్లుడుగారు వచ్చి ఆ ఖాళీ చూశారు.

"వాక్యం పెట్టి ప్రింటు తీయండి. సంతకం పెట్టేది నేను కదా."

"టైపు చేసేది నేను కదా బాబూ."

"మళ్లీ మొదలెట్టారా? చెప్పాను కదమ్మా, కూర్చుని అడగడం..."

"తేలికే. విన్నాను."

ఆవిడ లేచింది. కళ్లజోడు తీసి సంచిలో పెట్టుకుంది. తలుపు వెనక గోడకి ఆనించిన అల్యూమినియం నిచ్చెన ముందుకి లాగింది. దాని మెట్ల మీద దుమ్ము పేరుకుపోయి ఉంది. ఒక్కత్తే ఎత్తబోతే రెండో కొస నేలని గీరింది. మెకానిక్కు చూస్తూ ఉన్నాడు, ఇక ఉండబట్టలేక వచ్చి ఆ కొస పట్టుకున్నాడు.

"నీ నడుము?" అంది.

"పదండమ్మా. ఆ లైను కోసినప్పట్నుంచి ఎలాగూ నొప్పిగానే ఉంది."

యాభై ఏడేళ్ల టైపిస్టు ముందు, నడుముకి బెల్టుతో మెకానిక్కు వెనక, మధ్యలో నిచ్చెన. వీధిలో వాళ్లు ముక్కున వేలేసుకుని చూశారు. వాళ్ల వెనకే అల్లుడుగారు, ఆయన వెనక చిన్న ఇంజినీరు. ఆవిడ పడితే పోలీసులు తనని అడుగుతారని అల్లుడుగారి భయం.

ఇంటి యజమాని గేటు తీసి, విషయమేంటో తెలియక పక్కకి తప్పుకున్నాడు. ఆవిడ నిచ్చెన గోడకి ఆనించి, చీర కుచ్చెళ్లు దోపుకుని ఎక్కడం మొదలుపెట్టింది. పదకొండు మెట్లు. అయిదో మెట్టు దగ్గర మోకాలు మొరాయించింది. ఎనిమిదో మెట్టు దగ్గర కిందికి చూసి తప్పు చేశాననుకుంది. అయినా ఆగలేదు. పైన నీళ్ల ట్యాంకు, చిరిగిన గొడుగు, విరిగిన ప్లాస్టిక్ కుర్చీ. చుట్టూ నడుము ఎత్తున పిట్టగోడ. గోడకి ఆమడ దూరంలో, పైకప్పు నడిమధ్య ఆవిడ కూలబడి ఊపిరి పీల్చుకుంది.

"చూశారుగా, ఇక దిగండమ్మా" అన్నారు కింద నుంచి అల్లుడుగారు.

"దిగను బాబూ. నేను టైపిస్టుని, ఇంజినీరుని కాను. ఈ గోడ గట్టిదో కాదో నాకు తెలియదు. నా మాట చెల్లదు. చెల్లే మనిషి పైకి రావాలి."

"నేను రాకపోతే?"

"ఇక్కడే ఉంటాను. ఎండ కూడా లేదు, హాయిగా ఉంది."

ఇంటి యజమాని అల్లుడుగారి మొహం చూశాడు. పక్కింటివాళ్లు కిటికీలు తెరిచారు. అల్లుడుగారు బూట్లు విప్పి, ఒక్కో మెట్టే ఎక్కి పైకొచ్చారు. ఆవిడ వైపు చూడకుండా నేరుగా గోడ దగ్గరికి వెళ్లారు. నాలుగు మూలలా అరచేత్తో తోసి చూశారు, మోకాలు ఆనించి బరువు వేసి చూశారు, ట్యాంకు కింద వంగి చెమ్మ తడిమారు. పని మొదలయ్యాక ఆయన మొహంలో కోపం పోయి శ్రద్ధ వచ్చింది. అది చూసి ఆవిడకి ఆయన మీద మొదటిసారి ఇష్టం కలిగింది. మొత్తం ఎనిమిది నిమిషాలు. ఆవిడ గడియారం చూసుకుంది.

"గట్టిగానే ఉంది. ఏమీ లేదు. ఇంతకోసమా ఇదంతా?" అన్నారు.

"ఇంతకోసమే."

ఆఫీసుకి తిరిగొచ్చాక ఆవిడ తొమ్మిదో పేజీలో అదే వాక్యం తన చేత్తో కొట్టింది. 'పైకప్పు, పిట్టగోడ దృఢంగా ఉన్నాయి.' అల్లుడుగారు వెనక నిలబడి చూస్తున్నారు.

"అక్షరం కూడా మారలేదు" అన్నారు.

"మారలేదు. కానీ ఇప్పుడు ఆ నర్సమ్మాయి దీనికి ఆనుకోవచ్చు. ఎవరు ఎక్కారు బాబూ?"

"నేనే" అన్నారు అల్లుడుగారు.

"ఎప్పుడు?"

"మీరు చూశారుగా."

"మీరు చెప్పాలి."

"నాలుగుంపావుకి."

ఆవిడ రెండూ కొట్టి ప్రింటు తీసింది. ఐదింటికి నర్సు వచ్చి రిపోర్టు పట్టుకెళ్లింది.

వేరే మనిషిని చూసుకుంటానన్న మాట అల్లుడుగారు మళ్లీ ఎత్తలేదు. అలాగని నలభై ఒకటి పెట్టమనీ అనలేదు. పెట్టె లేదు కాబట్టి ఆవిడే నోటితో అడగడం మొదలుపెట్టింది. చిన్న ఇంజినీరుని అడిగింది. ఫోనులో ఉన్న అల్లుడుగారిని అడిగింది. ఆయన బయటి మనుషులతో మాట్లాడుతుంటే గది గుమ్మంలో నిలబడి, కాగితం చేత్తో పట్టుకుని అడిగింది. పెట్టె అయితే తెర మీద ఊరికే కూర్చుంటుంది. ఈవిడ గొంతు వీధిలోకి వినిపిస్తుంది. మూడు రోజులకే అల్లుడుగారికి తలప్రాణం తోకకొచ్చింది.

నాలుగో రోజు పొద్దున్నే మెకానిక్కుకి కబురు వెళ్లింది.

"ఆ నలభై ఒకటి ఎక్కడైనా ఉందా?" అని అడిగారు అల్లుడుగారు.

"పాతదాన్లో భద్రంగా ఉందండి."

"తెచ్చి పెట్టేయండి. ఈవిడ అడిగేదానికన్నా అది అడగడమే నయం."

మెకానిక్కు నేల మీదున్న పాత కంప్యూటర్ పైకెత్తి తీగలు తగిలించాడు. అరగంటలో కోసిన లైను మళ్లీ అతుక్కుంది. పరీక్షకని నిన్న అల్లుడుగారు చూసొచ్చిన ఇంటి రిపోర్టు తెరిచి ప్రింటు నొక్కారు. తెర మధ్యలో పెట్టె తెరుచుకుంది. పైకెక్కి చూశావా?

"కనీసం మీరు అనేలా అయినా మార్చకూడదా?" అన్నారు అల్లుడుగారు.

"దానికి మర్యాద నేర్పలేదు బాబూ. పనే నేర్పాను."

ఆయన వంగి, ఒంటి వేలితో అక్షరాలు వెతుక్కుంటూ మొదటి గడిలో చూశానని కొట్టారు. రెండో గడిలో తన పేరు, మూడో గడిలో టైము. ప్రింటరు కదిలింది. హమ్మయ్య అనుకుని ఆయన నడుము నిటారుగా చేసుకున్నారో లేదో, టైపిస్టు కుర్చీ ఆయన వైపు తిరిగింది.

"నిజంగానే ఎక్కారా?"