గాడిద వీపు

"కిందటిసారి ఆవముద్ద మర్చిపోయావు. పాపం, లూసియాన్ ఉత్త మాంసమే తిన్నాడు," అన్నాడు మా ఆయన గిస్లాన్, వంటింటి గుమ్మంలో కూర్చుని బూట్ల తాళ్ళు బిగించుకుంటూ.

నేను ఉడికించిన గుడ్లు ఒలుస్తున్నాను. ఏటి ఒడ్డున కూర్చుని పెంకులు తీసుకోవడమంటే మా ఆయనకి చిరాకు. అందుకని ఆదివారాలు అందరి గుడ్లూ ఇంట్లోనే ఒలిచి, తడిగుడ్డలో చుట్టి పెడతాను. ఆకుకూరా పందిమాంసమూ కలిపి క్యాబేజీ ఆకుల్లో చుట్టే ఫార్సీ అనే వంటకం రాత్రే వండేశాను. మేకపాల జున్ను, రొట్టె, ఎర్ర ద్రాక్షసారా, కాఫీ ఫ్లాస్కులు బుట్టల్లోకి ఎక్కాయి. పళ్ళెమంత వెన్న బిస్కట్టు కూడా కాల్చాను. మా వైపు దాన్ని కత్తితో కోయరు, నడిమధ్య పిడికిలితో గుద్ది పగలగొడతారు. గుద్దే గౌరవం మా ఆయనది. గుద్దగానే అందరూ చప్పట్లు కొడతారు. కాల్చినందుకు చప్పట్లు కొట్టే ఆచారం మాత్రం ఎక్కడా ఉన్నట్టు లేదు.

గిస్లాన్ మా ఊరి నడక సంఘానికి అధ్యక్షుడు. గార్తాంప్ ఏటి పొడుగునా చెట్ల మీద కనిపించే పసుపు గీతలు ఆయన చేతి చలవే. నిలువుగీత ఉంటే అది దారి, కత్తెర గుర్తు ఉంటే అది కాదు. ఆదివారం సంఘమంతా ఊళ్ళో బయల్దేరి, ఒక గట్టు వెంట పాత పిండిమర దాకా నడిచి, అక్కడ భోంచేసి, రెండో గట్టు మీదుగా ఇంటికొస్తారు. భోజనం తనంతట తాను నడిచి రాదు కదా! దాన్ని వ్యానులో రోడ్డు మీదుగా మర దగ్గరికి చేర్చేది నేను. ఇన్నేళ్ళ కాపురంలో ఈ లోయ నాకు రోడ్డుగానే తెలుసు. ఏ మలుపులో సూపు మూత ఊడుతుందో తెలుసు. ఏటిని మాత్రం వంతెనల మీంచి చూడటమే.

పెళ్ళయిన కొత్తలో నేనూ వస్తానన్నాను. "గాడిద వీపు ఎక్కాలి సొలాంజ్. నీ మోకాళ్ళకి అది అయ్యే పని కాదు," అన్నాడు. గాడిద వీపంటే మర దారిలో ఉండే మిట్ట. నేను దాన్ని చూడలేదుగానీ, దాని గురించి విన్నంతగా మా అమ్మ గురించి కూడా వినలేదు. ఆదివారం సాయంత్రం గిస్లాన్ వేణ్ణీళ్ళలో ఉప్పు వేయించుకుని, పాదాలు ముంచి, "అబ్బ, ఈ రోజు గాడిద వీపు ప్రాణం తీసిందే!" అనేవాడు. మా అత్తగారు రేమోండ్ పక్క కుర్చీలోంచి అందుకునేది. "నా కొడుకు గుండె గట్టిది కాబట్టి సరిపోయింది. నీకేమమ్మా, హాయిగా బండిలో కూర్చుని వెళ్ళొచ్చావు." ఆ హాయి వెనకాల సింకులో గిన్నెలు గుట్టగా ఉండేవి. ఆవిడకి కనిపించేవి కావు. బడి వంటశాలలో ఉద్యోగ జీవితమంతా నిలబడే గడిపాను, పెద్ద పెద్ద గుండిగలు ఎత్తి దించాను. అప్పుడు నా మోకాళ్ళ ఊసు ఒక్కరూ ఎత్తలేదు. అవి ఆదివారాలు మాత్రమే పాడయ్యేవి. తమాషా ఏమిటంటే ఆ మాట నేనూ నమ్మేశాను. మేడ మెట్లెక్కేటప్పుడు కమ్మీ పట్టుకోవడం మొదలుపెట్టాను. నాలో ఏదో అరిగిపోయిందనీ, మిగిలింది జాగ్రత్తగా వాడుకోవాలనీ అనుకుంటూ బతికాను.

కిందటి నెల సంఘం వార్షిక సమావేశం జరిగింది. గిస్లాన్ లేచి నిలబడి పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాడు. పొదలు కొట్టినవాళ్ళకి, గుర్తులు వేసినవాళ్ళకి, దారికి పొలం గట్టు వదిలిన రైతుకి. "చివరగా, ఏ రోజూ మనని పస్తు ఉంచని మన వ్యానుకి!" అన్నాడు. హాలంతా నవ్వి చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. ఇంటికొచ్చి గాజు గ్లాసులు కడుగుతుంటే అప్పుడు తెలిసింది, దేనికి కొట్టానో. వ్యానుకి స్టీరింగు వెనకాల ఒక మనిషి ఉంటుందని ఆ హాల్లో ఎవరికీ తట్టలేదు. నాక్కూడా తట్టలేదు.

వేసవిలో నేను రిటైరయ్యాను. వారంలో ఒక్క గురువారమైనా నాది అనుకున్నాను. మరీ గాడిద వీపు కాకపోయినా, ఊరి చివర చాకిరేవు దాకా అయినా ఒక్కదాన్నే నడిచొద్దామని ఆశ. ఈ రోజు పొద్దున బూట్లు బిగించుకోవడం అయ్యాక గిస్లాన్ లేచి, గుడ్డు ఒకటి నోట్లో వేసుకుని అన్నాడు. "అన్నట్టు, వచ్చేవారం నుంచి గురువారాలు కూడా నడక పెట్టాం. భోజనాలతో సహా అని చెప్పేశాను. నువ్వెటూ ఖాళీయే కదా ఇప్పుడు."

"నన్ను అడిగావా?"

"అడగడానికేముంది? ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు?"

మా అత్తగారు కాఫీ గిన్నెలో రొట్టె ముంచుకుంటూ, "మంచిదే. గాలి మార్పు ఉంటుంది," అంది. నేను ఆవముద్ద సీసా బుట్టలో పెట్టి వ్యాను తీశాను.

మర దగ్గరికి చేరేసరికి ఎవరూ రాలేదు. ఎప్పుడూ అంతే. బల్లలు పరిచాను, పళ్ళేలు పెట్టాను, ఇంక చెయ్యడానికి ఏ పనీ లేక నిలబడ్డాను. గురువారాలు కూడా ఇదే బల్ల, ఇదే తువ్వాలు, ఇదే ఎదురుచూపు. ఒళ్ళు మండింది. ఎదురుగా బూడిదరంగు బెరడు చెట్టు మీద మా ఆయన గీసిన పసుపు గీత ఉంది. పరిచినవన్నీ మళ్ళీ వ్యానులోకి ఎక్కించి, తాళం వేసి, వంట గౌనుతోనే ఆ గీత వైపు నడిచాను. పదడుగులు వేసి వచ్చేద్దామనే అనుకున్నాను.

దారి ఏటిని ఆనుకుని ఉంది. మెత్తటి మట్టి, మధ్య మధ్య పసుపు పూలు. నీళ్ళు నా పక్కనే, నాతో సమానంగా నడుస్తున్నాయి. లకుముకిపిట్ట ఒకటి నీలంగా దూసుకుపోతే చిన్నపిల్లలా "అరె!" అని పైకే అనేశాను. మోకాళ్ళు ఎప్పుడు నొప్పెడతాయా అని చూస్తూ నడిచాను. కుడిది పెడుతుందేమో, ఎడమది పెడుతుందేమో. గాడిద వీపు దగ్గర ఎలాగూ ఆగిపోవాలి కదా, దాని మొదట్లో ఒక నిమిషం నిలబడి, ఇదన్నమాట అని చూసి వెనక్కి తిరుగుదామనుకున్నాను. నేల కాస్త ఎత్తయింది, మళ్ళీ దిగింది. గేటు దాటాను. ఆవులు తలెత్తి చూశాయి. ఎదురుగా చిన్న వయసు తల్లి ఒకామె పసిపిల్లని తోపుడు బండిలో పెట్టుకుని ఒంటి చేత్తో తోసుకుంటూ వస్తోంది. రెండో చేతిలో సగం తిన్న ఆపిల్ పండు.

"అమ్మాయ్, గాడిద వీపు ఇంకా ఎంత దూరం?" అని అడిగాను.

"గాడిద వీపా? అది మీ వెనకాలే ఉందండీ. ఇప్పుడే దాటి వచ్చారు."

వెనక్కి తిరిగి చూశాను. గేటుకి అవతల, దుప్పటి కింద ఎవరో ముడుచుకు పడుకున్నంత మిట్ట.

"అదేనా?"

"అదేనండీ. పాపని రోజూ దాని మీదే తిప్పుతాను. ఆ కుదుపుకి నిద్రపోతుంది."

నవ్వొచ్చింది. ఆ పిల్ల భయపడుతుందేమోనని ఆపుకోబోయాను గానీ ఆగలేదు. గేటు పట్టుకుని, పొట్ట పట్టుకుని నవ్వాను. ఇన్నేళ్ళూ నా చెవిలో ఎంత పెద్ద పువ్వు పెట్టారు! వేణ్ణీళ్ళూ, ఉప్పూ, గట్టి గుండే ఈ మిట్ట కోసమా! కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ దానికంటే ముందు, దానికంటే పెద్దగా, గుండెల మీంచి గుండిగ దించినట్టు ఊపిరి వచ్చింది. నా మోకాళ్ళు బాగున్నాయి. నేను బాగున్నాను. నాలో ఏదీ అరిగిపోలేదు. ఇది నాకు ఎవరో ఇచ్చిన వరం కాదు, ఎప్పుడూ నా దగ్గరే ఉన్నది. ఆ పొలం గట్టు మీద నిలబడి ఏడుస్తూ నవ్వాను, నవ్వుతూ ఏడ్చాను. ఆ పిల్ల తన ఆపిల్ పండు చూపించి, "ఒక ముక్క తింటారా?" అంది. తిన్నాను. తీయగా ఉంది.

ఆమె మర వైపు వెళ్ళింది. నేను వెనక్కి తిరగలేదు. రెండు మలుపుల తరవాత సంఘం ఎదురైంది. అందరికంటే ముందు గిస్లాన్, చేతిలో ఊతకర్రలు, నుదుటి మీద చెమట. నన్ను చూసి రాయిలా ఆగిపోయాడు.

"ఏమైంది? వ్యాను దేన్నైనా గుద్దిందా? అమ్మకేమైనా..."

"ఏమీ కాలేదు. నడుస్తున్నాను."

"నడవడమేమిటి? అటునుంచి ఎలా వచ్చావు? మరి గాడిద వీపో?"

"దాటేశానట. నేను చూసుకోలేదు."

వెనకాల ఉన్న ఆడవాళ్ళలోంచి మరీస్ కిసుక్కుమంది. లూసియాన్ పెద్దాయన కదా, అసలు సంగతికి వచ్చాడు. "అది సరేనమ్మా, మరి భోజనం?"

"వ్యానులో ఉంది లూసియాన్ గారూ. ఆవముద్ద కూడా పెట్టాను. మూతలు తీస్తే చాలు." వంట గౌను జేబులోంచి తాళం తీసి గిస్లాన్ చేతిలో పెట్టాను. ఆయన దాన్ని ఎప్పుడూ చూడని వస్తువులా చూశాడు. "తిన్నాక గిన్నెలు నీలం బుట్టలోకి ఎక్కించు. మలుపుల్లో మెల్లగా తోలు, లేకపోతే మూతలు ఊడతాయి."

"నేను తోలుకెళ్ళేదేమిటి? నాకింకా రెండో గట్టు నడవాల్సి ఉంది! మరి నువ్వెక్కడికి?"

"ఇంటికి. ఈ గట్టు మీదుగా."

"ఒక్కదానివేనా? సొలాంజ్, అందరి ముందూ ఏమిటిది!"

"దారి తప్పను. చెట్ల మీద గుర్తులు బాగా వేశావు," అన్నాను. ఆ మాట నిజంగానే అన్నాను, మెచ్చుకునే అన్నాను. ఒక్కొక్కరే పక్కకి జరిగి నాకు దారిచ్చారు. మరీస్ నా చెయ్యి ఒకసారి నొక్కి వదిలింది. పాప్లార్ చెట్ల మధ్య నుంచి ఏరు మెరుస్తోంది. ఊరి గంటల చప్పుడు సన్నగా వినిపిస్తోంది. ఇంటికి వెళ్ళేటప్పటికి మా అత్తగారు మధ్యాహ్నం కాఫీ అడుగుతుంది. కాఫీ ఎక్కడుంటుందో చూపిస్తే సరి.

కొంత దూరం వెళ్ళాక వెనక నుంచి గిస్లాన్ గొంతు వినిపించింది. నన్ను కాదు, సంఘాన్ని అడుగుతున్నాడు. ఇన్నేళ్ళలో ఎవరినీ ఎప్పుడూ అడగాల్సిరాని ప్రశ్న.

"మరి గురువారం వ్యాను ఎవరు తోలతారు?"



నేను తరవాతి పసుపు గీత వైపు నడిచాను.