దండలోంచి ఊడిన రూపాయి

చక్రపాణి భూతద్దం తీశాడంటే అమీర్‌పేట నాణేల సంఘంలో ఎవరికైనా గుండెల్లో రాయి పడాల్సిందే. నాణెం మీది బొడిపె టంకశాలలోనే వచ్చిందా, తర్వాత బయట ఎవరైనా పాడుచేశారా అన్నది తేల్చేది ఆయనే. టంకశాల లోపమైతే అపురూపం, బయటి దెబ్బయితే చెత్త. చెత్త అనేటప్పుడు మహానుభావుడి ముఖం వెలిగిపోయేది.

ఆ ఆదివారం ప్రదర్శనలో ఆయన సొంత రూపాయి అద్దాల పెట్టెలో కూర్చుంది. దాని మీది బ్రిటిష్ రాణి బొమ్మ తలకు పైన, అంచు దగ్గర బొడిపె. పక్కన 'టంకశాల లోపం' అని చీటీ. నిజానికది వాళ్లమ్మ దుర్గాంబ వేసుకున్న వెండి రూపాయల దండలోది. దండ చెల్లెలు అరుణాదేవికే చెందాలని ఆవిడ నోరారా చెప్పింది. ఆవిడ మంచాన పడ్డప్పుడు ఈయన ఒక బిళ్ల నొక్కేసి, కొండి ఊడబీకి, అతికించిన టంకాన్ని మాత్రం ఉంచి ఆకురాయితో నున్నగా రుద్దాడు. చెల్లెలు నిలదీస్తే, "బజార్లో కొన్నాను. పుట్టుకతోనే అలా ఉంది. నీకేం తెలుసు?" అని కసిరాడు.

అరుణాదేవి పంజాగుట్ట నుంచి వచ్చి వెనక వరసలో కూర్చుంది. అన్న వంక చూడను కూడా లేదు. నాణేల పరీక్ష మొదలవగానే రాజనర్సయ్య లేచాడు. ఎర్రమంజిల్‌లో ఆఫీసరుగా రిటైరైన ఆయన తెచ్చిన ప్రతి నాణేన్నీ చక్రపాణి చెత్త అని తిప్పికొడుతూనే ఉన్నాడు.

"జర గిది చూడుండ్రి సారూ. టంకశాల లోపమే అనుకుంటున్న."

అదీ రాణి రూపాయే, అదీ బొడిపెదే. కానీ నర్సయ్య మొహం చూడగానే చక్రపాణికి ఒళ్లు మండిపోయింది. ఆ మంటలో తన రూపాయి సంగతే మరిచాడు.

"కళ్లున్నాయా మీకు? టంకశాల అచ్చు విరిగి వచ్చిన బొడిపె అయితే అంచు చుట్టూ ఉండే చుక్కలు ఆ చోట పడనే పడవు. ఇక్కడ చుక్కలు టంకం కిందికి దూరిపోయాయి! ఎవరి దండలోంచో ఊడబీకిన బిళ్ల ఇది. దీన్ని టంకశాల మీదికి నెట్టేవాణ్ణి దొంగ అంటారు!"

హాలంతా విన్నది.

"గా బిళ్ల నాది కాదు సారూ. మీ చెల్లెది. కొండి నిన్ననే తీయించింది," అన్నాడు నర్సయ్య తాపీగా.

అరుణాదేవి మిగతా దండ చేత్తో పట్టుకుని ముందుకొచ్చింది. ప్రతి బిళ్లకూ రాణి తలకు పైనే కొండి ఉంది.

"అన్నయ్యా, ఇప్పుడు అదే భూతద్దంతో నీ రూపాయి కూడా చూసి చెప్పు."

"అందరూ కలిసి నా మీద పగబట్టారు," అని గొణిగాడు చక్రపాణి. ఎవరికీ జాలి కలగలేదు. భూతద్దం ఆయన చేతిలోనే ఉండిపోయింది.

అరుణాదేవి పెట్టె తెరిచి రూపాయి తీసుకుంది.

"చీటీ నువ్వుంచుకో," అంది.