ఎండలో పెట్టిన సెల్లులు

"దీన్ని ముట్టుకోవద్దు. ఎవర్నీ ముట్టుకోనీయొద్దు," అని చెప్పి సుబ్బరత్నం తన ఆటపెట్టెను షాహిదా చేతిలో పెట్టింది. పెద్దమ్మ కూతురి తాంబూలాలకని ఆదివారం పొద్దున్నే వాళ్లమ్మతో కలిసి నరసరావుపేట బస్సెక్కబోతూ, దారిలో ఆగి మరీ ఇచ్చింది.

ఆ పెట్టె అరచేతిలో పడుతుంది. పైన బూడిదరంగు అద్దం, కింద నాలుగు బొత్తాలు. అద్దంలో ఒక కోట, అందులో గదులు, ఒక్కో గదిలో ఒక్కో చిక్కు. రాళ్లు తోసి దారి చేసుకోవాలి, తాళంచెవి వెతకాలి, భూతానికి దొరక్కుండా తలుపు దాటాలి. ఆడేవాళ్లే ఆ కోటలోకి దిగిన బంటు. మొదట్లోనే కత్తో ఈటో ఎంచుకోవాలి, ఇక చివరిదాకా చేతిలో అదే ఉంటుంది. బడివాళ్లు కొండవీడు తీసుకెళ్లినప్పుడు కోట మీద దారి తప్పి ఇద్దరూ ఏడ్చినంత పని చేశారు. అందుకే దీనికీ కొండవీడనే పేరు పెట్టుకున్నారు.

పెట్టె నిజానికి సుబ్బరత్నం అన్న నరసింహారావుది. మద్రాసులో చదువుకుంటూ బర్మా బజారులో కొన్నాడు. "నేను ఆదివారం సాయంత్రం బస్సుకి ఎల్లేలోపు ఆఖరి గుమ్మం దాటించు, పెట్టె నీకే ఇచ్చిపోతా. నీవల్ల ఏం కాదులే," అని చెల్లెల్ని ఉడికించాడు. సుబ్బరత్నం పంతం పట్టి బంటును ఆఖరి గుమ్మం దాకా తెచ్చింది. అంతలో ఈ ప్రయాణం వచ్చిపడింది, పెట్టెను వెంట తేవద్దంది వాళ్లమ్మ. ముట్టుకోకుండా వదిలేస్తే బంటు ఉన్నచోటే ఉంటాడు. ఇంట్లో పెడితే మాత్రం అన్న కావాలని ఆట మొదటికి తెస్తాడు.

"మా అన్నని నమ్మను. నిన్ను నమ్ముతా," అంది సుబ్బరత్నం బస్సు వైపు పరుగెడుతూ.

షాహిదాకు ఆ మాట చాలు. బళ్లో ఆమెతో మాట్లాడేది సుబ్బరత్నం ఒక్కతే. ఆటలో కూడా బొత్తాలు నొక్కేది సుబ్బరత్నమే. షాహిదా పక్కన కూర్చుని, పులీమేక ఆటకు గీసినట్టు తమ మిద్దె మీది నాపరాతిపై సుద్దముక్కతో గదులు గీసి, ఏ రాయిని ఎటు తోయాలో మెల్లగా చెప్పేది. ఆ రాళ్లతో ఒకటే ఇబ్బంది. మూలకు తోసిన రాయి మళ్లీ వెనక్కి రాదు.

మిద్దె మీద మిరపకాయలు ఆరబోసి, కాపలాగా కూర్చుని షాహిదా పెట్టె వైపు చూసింది. అద్దంలో బంటు వెలిసిపోతున్నాడు. చేతిలో కత్తి కనీకనపడకుండా ఉంది.

"దాదీ, దీంట్లో సెల్లులు అయిపోతన్నయి," అంది మిరపకాయలు తిరగేస్తున్న నానమ్మ హజ్రా బీతో.

"అయిపోతే ఎండలో పెట్టు. నా రేడియోకి నేను పెట్టట్లేదా? కాసేపు కాగితే ప్రాణం వస్తది," అంది నానమ్మ తల ఎత్తకుండానే. ఆ ఇంట్లో సెల్లులు రేడియోలో కంటే మిద్దె మీదే ఎక్కువ ఉంటాయి.

షాహిదా పిన్నీసుతో మూత తీసి, చొక్కా గుండీల్లాంటి రెండు సెల్లులనూ మిరపకాయల పక్కన కాలిన రాతి మీద పెట్టింది. అవి వేడెక్కాక మళ్లీ లోపల వేసింది. పెట్టె కుయ్యిమంది. అద్దంలో గీతలు నల్లగా, స్పష్టంగా లేచాయి. షాహిదా నవ్వబోయి ఆగిపోయింది.

కత్తా, ఈటా అని అడుగుతోంది పెట్టె. బంటు మొదటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

సెల్లులు తీస్తే పెట్టె అన్నీ మరిచిపోతుందని ఆమెకెవరూ చెప్పలేదు. రేడియో అయితే తీసి పెట్టినా మళ్లీ అదే స్టేషను పలుకుతుంది.

నరసరావుపేట బస్సు సాయంత్రానికి వస్తుంది, నరసింహారావు ఎక్కేదీ దాన్నే. ఆలోపు బంటును మళ్లీ ఆఖరి గుమ్మానికి చేర్చాలి. దారంతా కంఠతా వచ్చు, కానీ వేళ్లకు రాదు. కత్తి ఎంచుకుని దిగింది. రెండో గదిలోనే భూతం బంటు మూడు ప్రాణాలూ మింగేసింది. మళ్లీ దిగింది. రాయిని మూలకు తోసి తనే ఇరుక్కుపోయింది.

"ఏమే, ఆ మూల కాయలు తిరగెయ్యి," అని పిలిచింది నానమ్మ.

"వస్తన్నా," అంటూనే కూర్చుంది.

ఈసారి ఈటె ఎంచుకుంది. ఈటె అయితే భూతాన్ని దూరం నుంచే ఆపొచ్చని ఆమెకు మొదట్నుంచీ అనిపించేది. ఒకసారి చెబితే సుబ్బరత్నం, "కత్తే అందంగా ఉంటది," అని కొట్టిపారేసింది. ఈటెతో బంటు చకచకా సాగాడు. రాళ్ల గది దాటాడు. తాళంచెవి దొరికింది. చెమట కళ్లలోకి కారుతున్నా తుడుచుకోలేదు. సగం కోట దాటాక గుర్తొచ్చింది, సుబ్బరత్నం బంటు చేతిలో ఉన్నది కత్తి. చూడగానే తెలిసిపోతుంది. కానీ మళ్లీ మొదటికి పోవడానికి సెల్లుల్లో సత్తువ లేదు. గీతలు అప్పుడే పలచబడుతున్నాయి.

ఆఖరి గుమ్మం దగ్గరకు చేరేసరికి వీధి చివర బస్సు హారను మోగింది. కాసేపటికి మెట్ల మీద పట్టీల చప్పుడు.

"ఏమే షాహిదా, నా బంటు బతికే ఉన్నాడా?" తల నిండా పూలతో వచ్చి పక్కన కూలబడింది సుబ్బరత్నం. అద్దంలోకి తొంగిచూసింది. ముఖంలో నవ్వు అలాగే ఉండి, మెల్లగా పోయింది. "ఈటేంది? నా వాడి చేతిలో కత్తి కదా ఉండేది?"

షాహిదా నేల చూపులు చూసింది. "సెల్లులు అయిపోతన్నయని ఎండలో పెట్టా."

"ఏంది పెట్టేది?"

"రేడియోకి పెడతాం కదా, అట్టా. తీసేసరికి మొదటికి పోయింది. మళ్లీ ఇక్కడిదాకా నేనే తెచ్చా."

సుబ్బరత్నం, "మా అన్నే నయం. వాడు చెడగొడతాడని ముందే తెలుసు," అని పెట్టె లాక్కుంది. గుమ్మంలోకి దిగింది. ఈటె ఎప్పుడు విసరాలో తెలియక తడబడింది. బంటుకున్న మూడు ప్రాణాల్లో రెండు పోయాయి. గబుక్కున పెట్టెను షాహిదా ఒళ్లో పడేసింది. "నువ్వే ఏడువు. నాకీ ఈటె రాదు."

అప్పుడే నరసింహారావు చెల్లెల్ని వెతుక్కుంటూ సంచీతో మిద్దెక్కాడు. "బస్సు తిరిగెల్తంది. ఏందమ్మా రత్నం, ఓడినట్టేనా? పెట్టె ఇటియ్యి."

"ఉండరా. ఇంకా అవలా," అంది సుబ్బరత్నం, షాహిదా కనపడకుండా అడ్డం నిలబడి.

గీతలు మాయమవుతున్నాయి. ముందు గోడలు పోయాయి, తర్వాత భూతం, ఆఖరికి బంటు కూడా. అద్దం ఉత్త బూడిద. కానీ చప్పుళ్లు ఉన్నాయి. బంటు అడుగేస్తే టిక్కుమంటుంది. భూతం కదిలితే బొంగురుగా మోగుతుంది. షాహిదా కళ్లు మూసుకుంది. మనసులో నాపరాయి, దాని మీద సుద్దగీతలు. పులిని దగ్గరకు రానిచ్చి పక్కకు జరిగినట్టు జరిగింది. బొంగురు చప్పుడు దగ్గరైంది. ఇంకా దగ్గరైంది. ఈటె విసిరింది.

పెట్టె నిశ్శబ్దమైంది. తర్వాత సన్నగా, వణుకుతూ ఒక పాట వచ్చింది. ఆడపిల్లలిద్దరూ ఎప్పుడూ వినని పాట. సగంలోనే ఆగిపోయింది.

నరసింహారావు చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. "అది గెలిచినోళ్లకే వస్తది," అన్నాడు. "ఎవరాడారు?"

సుబ్బరత్నం నోరు తెరిచింది. అంతకంటే ముందే, "నేను, ఈటెతో," అంది షాహిదా. నరసింహారావుతో ఆమె మాట్లాడటం అదే మొదలు. పొద్దుటి నుంచీ దాచి దాచి, ఇంకొకటి దాచే ఓపిక లేకపోయింది.

"నేను పందెం కాసింది దీంతో కదా," అన్నాడతను చెల్లెల్ని చూపిస్తూ. కాసేపు తటపటాయించాడు. పెట్టె తీసుకుని సంచిలో వేసుకున్నాడు. మెట్లు దిగుతూ ఒకసారి వెనక్కి తిరిగి, "నేను కూడా కత్తితోనే ఆడా. ఈటెతో అవుద్దనుకోలా," అని వెళ్లిపోయాడు.

బస్సు కదిలిన చప్పుడు వినిపించింది. సుబ్బరత్నం ముఖం కందగడ్డలా ఉంది. "మొద్దు మొహమా, నేనని నేను చెప్పేదాన్నిగా. పెట్టె మనకే ఉండేది."

షాహిదా కళ్లలో నీళ్లు తిరిగాయి. వెళ్లిపోతుంది, ఇక రేపు బళ్లో పక్కన కూర్చోదు అనుకుంది.

సుబ్బరత్నం లేచి రెండడుగులు వేసింది. ఆగింది. వెనక్కి వచ్చి, నాపరాతి మీది పాత గీతల్ని పావడా అంచుతో తుడిచేసి, కింద పడి ఉన్న సుద్దముక్కను షాహిదా వైపు తన్నింది.

"ఆ ఆఖరి గది గియ్యి," అంది ఇంకా కోపంగానే. "భూతం ఎటు వచ్చిందో, నువ్వెటు జరిగావో అంతా చెప్పు. ఏదీ మింగమాక."